కొత్త రాబడి లేని సరుకు: పాత ఎలక్ట్రిక్ గిటార్లకు ధర కట్టేదెలా?

ఏ సరుకుకైనా ధర పెరిగితే మరుసటి ఏడు సాగు పెరుగుతుంది. రాబడి జోరందుకుని ధారణ దిగివస్తుంది. మిర్చికి, పత్తికి, పసుపుకు ఇదే సూత్రం. కానీ ధర ఎంత ఎగబాకినా కొత్తగా ఒక్కటి కూడా మార్కెట్‌కు రాని సరుకు ఒకటి అమెరికాలో అర్ధ శతాబ్దానికి పైగా చేతులు మారుతోంది. అది 1950, 1960 దశకాలలో తయారైన ఎలక్ట్రిక్ గిటారు. నాడు మూడు వందల డాలర్ల లోపు ధరకు సంగీత దుకాణాలలో అమ్మిన కొన్ని రకాలు నేడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి.

సరఫరా శాశ్వతంగా మూతపడిన సరుకుకు ధర పెరగడమే తప్ప తగ్గడం ఉండదన్న నమ్మకం పలువురిని ఈ వ్యాపారంలోకి దింపింది. ఆ నమ్మకం నిజం కాదని 2008 తర్వాతి మందీ చూపింది. కొరత ఒక్కటే ఈ మార్కెట్‌లో ధరను నిలబెట్టజాలదు. సరుకు అసలుదేనన్న రుజువు ఉండాలి, దానిపై మోజు ఉన్న కొనుగోలుదారు ఉండాలి. ఈ రెంటిలో ఏది తగ్గినా కొరతకు విలువ లేదు.

సరుకు ఏది?

ఈ వ్యాపారంలో ప్రధానమైన సరుకు రెండు కర్మాగారాలది. ఒకటి కాలిఫోర్నియా రాష్ట్రం ఫులర్టన్‌లోని ఫెండర్, రెండవది మిషిగన్ రాష్ట్రం కలమజూలోని గిబ్సన్. ఫెండర్ కంపెనీ 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో విడుదల చేసిన రకమే 1951లో టెలికాస్టర్ అయింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. గిబ్సన్ కంపెనీ 1952లో బంగారు రంగు పూతతో లెస్ పాల్ రకాన్ని ప్రవేశపెట్టి, 1958లో ఆ రంగు మార్చి ఎరుపు అంచు, పసుపు నడుము గల సన్‌బర్స్ట్ పూత వేయసాగింది.

ఈ సన్‌బర్స్ట్ లెస్ పాల్ గిటార్లకు ఆనాడు పెద్దగా గిరాకీ లేదు. 1960తో వాటి తయారీ ఆగిపోయింది. మూడేళ్లలో తయారైనవి సుమారు 1,500 ఉంటాయని వర్తకుల అంచనా. అందులోనూ 1959 సంవత్సరపు సరుకు మేలు రకంగా లెక్క. 1958లో గిబ్సన్ తెచ్చిన ఫ్లయింగ్ వీ అనే బాణపు ఆకారపు గిటార్లు మొదటి విడతలో వంద కూడా తయారు కాలేదు. కొనేవారు లేక ఆపివేశారు. నాడు అమ్ముడుపోని సరుకే నేడు అన్నిటికన్నా అరుదైన సరుకు కావడం గమనార్హం.

ఫెండర్ సరుకులో గీటురాయి 1965 సంవత్సరం. ఆ ఏడు జనవరిలో సీబీఎస్ సంస్థ ఫెండర్ కంపెనీని కోటీ 30 లక్షల డాలర్లకు కొన్నది. ఆ తర్వాత ఉత్పత్తి పెరిగింది, పనితనం తగ్గిందన్న అభిప్రాయం వాద్యకారులలో బలపడింది. దీంతో వ్యాపారంలో సీబీఎస్‌కు ముందు, సీబీఎస్‌కు తర్వాత అని రెండు గ్రేడులు ఏర్పడ్డాయి. రెండేళ్ల తేడాతో తయారైన ఒకే రకం గిటార్ల మధ్య ధరలో పెద్ద అంతరం ఉండడానికి ఇదే కారణం.

గిరాకీ పుట్టుక

పాత గిటారుకు కొత్తదానికన్నా ఎక్కువ ధర పెట్టడం 1960 దశకం మధ్యలో మొదలైంది. 1966లో ఇంగ్లండులో జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ చేసిన రికార్డులో వినిపించినది సన్‌బర్స్ట్ లెస్ పాల్. అటువంటి ధ్వని కావాలన్న యువకులకు ఆ రకం దుకాణాలలో కొత్తగా దొరకలేదు. పాతవాటి కోసం వెదుకులాట సాగింది. 1970లో జార్జ్ గ్రూన్ నాష్‌విల్ నగరంలో పాత వాద్యాల దుకాణం తెరిచారు. 1978 నుంచి డల్లాస్‌లో గిటార్ల సంత జరుగుతోంది. వర్తకులు, సేకర్తలు, వాద్యకారులు ఒకే కప్పు కింద కలిసి సరుకు చూసుకుని, అక్కడికక్కడే బేరమాడుకునే ఏర్పాటు అది.

1980 దశకం చివర జపాన్ యెన్ డాలరుపై బలపడినప్పుడు అక్కడి కొనుగోలుదార్లు అమెరికా మార్కెట్‌లో దిగి మేలు రకం సరుకును ఎగరేసుకుపోయారు. 1986లో వింటేజ్ గిటార్ పత్రిక ఆరంభమైంది. 1991లో గ్రూన్, వాల్టర్ కార్టర్ కలిసి పాత వాద్యాలను గుర్తించే విధానంపై పుస్తకం వెలువరించారు. అంతవరకు కొద్దిమంది దళారుల నోటి లెక్కగా ఉన్న ధారణలు, గుర్తులు అచ్చులోకి వచ్చాయి. దీనివల్ల కొత్త కొనుగోలుదార్లకు ధైర్యం వచ్చింది. ఏ గుర్తులు చూస్తారో తెలియడం వల్ల కల్తీదారులకు కూడా దారి దొరికింది.

గ్రేడు ఎలా కడతారు?

ధాన్యంలో తేమ శాతం, పత్తిలో పింజ పొడవు ఎటువంటివో, ఈ సరుకులో అసలుతనం అటువంటిది. కర్మాగారం నుంచి వచ్చిన నాటి రంగు, పికప్‌లు, మీటలు, మరలు, లోపలి తీగల టంకం అన్నీ చెక్కుచెదరకుండా ఉన్న గిటారుకే పూర్తి ధర. పికప్ అంటే తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్ట; ఎలక్ట్రిక్ గిటారుకు గొంతు వంటిది.

వర్తకులందరూ పాటించే మోటు లెక్క ఒకటి ఉంది. తిరిగి రంగు వేసిన గిటారుకు ధర సుమారు సగం పడిపోతుంది. పని ఎంత చక్కగా చేసినా, ధ్వనిలో తేడా లేకపోయినా ఇదే లెక్క. గిబ్సన్ గిటార్లకు తల భాగం వెనక్కి వంగి ఉండడం వల్ల కిందపడితే అక్కడ విరగడం సాధారణం. అతికించినది గట్టిగానే ఉన్నా ధర రమారమి సగానికి దిగుతుంది. రంగు వెలసి, గీతలు పడి, వాడకంతో అరిగిపోయిన అసలు గిటారు, మెరిసిపోయే కొత్త పూత గిటారు కన్నా చాలా ఎక్కువ పలకడం చూసి ఈ వ్యాపారానికి కొత్తవారు తెల్లబోవడం కద్దు.

సన్‌బర్స్ట్ పూతలోని ఎరుపు రంగు ఎండ వెలుగుకు నిలవదు. కొన్ని గిటార్లలో ఎరుపు పూర్తిగా వెలసి తేనె రంగు మిగిలింది. పెట్టెలో భద్రంగా ఉన్నవాటిలో ఎరుపు అలాగే ఉంది. కంపెనీ దృష్టిలో ఇది రంగు లోపం. 1960లో మన్నికైన ఎరుపు వాడి సరిచేశారు కూడా. సేకర్తల దృష్టిలో ఆ లోపమే ఒక్కొక్క గిటారుకు ఒక్కొక్క ముఖం ఇచ్చింది. పైచెక్క అయిన మేపుల్ కలపలో పులిచారల వంటి గీతలు ఎంత స్పష్టంగా ఉంటే ధర అంత పైకి పోతుంది. అందుచేత ఒకే ఏడు, ఒకే కర్మాగారం సరుకు అయినా ఒకే ధర ఉండదు.

ఫెండర్ విషయంలో రంగు మరొక లెక్క. మామూలు సన్‌బర్స్ట్ బదులు కారు రంగులు కోరినవారికి కంపెనీ ఆ రోజులలో ధరపై 5 శాతం అదనం తీసుకుని వేసి ఇచ్చేది. ఆ 5 శాతం తేడా నేడు కొన్ని రంగులలో రెట్టింపు ధరకు దారితీస్తోంది. దొంగ రంగులు పుట్టడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

పుట్టిన తేదీ తేల్చడం

బస్తాలో బొంగు గుచ్చి శాంపిల్ తీసినట్టు, ఈ సరుకును కూడా విప్పి చూడనిదే బేరం కుదరదు. ఫెండర్ గిటారుకు మెడను మరలతో బిగిస్తారు. నాలుగు మరలు విప్పితే మెడ అడుగున పెన్సిలుతో రాసినదో, ముద్ర వేసినదో తేదీ కనబడుతుంది. అయితే విప్పడం ఎంత సులభమో మార్చడం అంతే సులభం. 1962 మెడ, 1964 బాడీ కలిసిన గిటారు అతుకుల సరుకు కింద లెక్క. సీరియల్ నంబరు ముద్రించిన లోహపు పలక సైతం ఆ మరలతోనే ఊడి వస్తుంది గనుక నంబరు ఒక్కటే చూసి కొనడం ప్రమాదకరం. 1950 దశకం చివరి గిబ్సన్ లెస్ పాల్ గిటార్లకు తల వెనుక సిరాతో నంబరు వేసేవారు. మొదటి అంకె సంవత్సరాన్ని చెబుతుంది. 9తో మొదలైతే 1959 అన్నమాట.

లోపల వాల్యూమ్ కంట్రోలు వెనుక ఉండే అంకెలు మరింత పనికివస్తాయి. అవి రేడియోలలో వాడే కంట్రోళ్ల వంటివే. 1376312 అని ఉంటే 137 అనేది సీటీఎస్ కంపెనీ గుర్తు, 63 సంవత్సరం, 12 ఆ ఏటి పన్నెండవ వారం. గిటారు అంతకుముందు తయారైనది కాదని దీనివల్ల తేలుతుంది. అయితే ఎంత తర్వాత తయారైందో తేలదు. ఫెండర్ కంపెనీ 1966లో పెద్ద మొత్తంలో కంట్రోళ్లు కొని నిల్వ చేసింది. ఆ దశాబ్దం చివర తయారైన గిటార్లలోనూ 1966 అంకెలే కనబడతాయి. ఈ సంగతి తెలియక 1969 సరుకుకు 1966 ధర చెల్లించినవారు లాభపడే అవకాశం లేదు.

అంకెలను మించినది టంకం. అరవై ఏళ్లనాటి టంకం మెరుపు తగ్గి, దుమ్ము పట్టి ఉంటుంది. ఒక్క చోట కొత్తగా మెరిసినా అక్కడ ఎవరో చేయి పెట్టినట్టే. అతినీలలోహిత దీపం కింద పాత నైట్రోసెల్యులోజ్ పూత ఒక తీరుగా, కొత్త పూత మరొక తీరుగా మెరుస్తాయి. అనుభవజ్ఞులైన వర్తకులు ఈ దీపం లేకుండా సంతకు వెళ్లరు.

కల్తీ, విడిభాగాల బేరం

ధర లక్షలకు చేరిన సరుకుకు కల్తీ తప్పదు. ఈ మార్కెట్‌లో కల్తీ మూడు విధాలు. మొదటిది, నేర్పరులైన పనివారు పాత కొలతలతో చేసిన నకళ్లు. ఇవి చాలావరకు ఆరాధనతో, నకలు అని చెప్పే చేసినవి. రెండు మూడు చేతులు మారేసరికి ఆ మాట రాలిపోతుంది. గన్స్ ఎన్ రోజెస్ బృందం 1987లో విడుదల చేసిన తొలి రికార్డులో స్లాష్ వాయించిన లెస్ పాల్ గిబ్సన్ కర్మాగారంలో పుట్టినది కాదు. క్రిస్ డెరిగ్ అనే పనివాడు చేసిన నకలు. లక్షలాది శ్రోతలకు ఆ తేడా వినబడలేదు. చెవితో అసలును తేల్చగలమనే కొనుగోలుదార్లకు ఇది హెచ్చరిక.

రెండవది, తక్కువ రకాన్ని ఎక్కువ రకంగా మార్చడం. 1950 దశకం తొలినాళ్ల బంగారు రంగు లెస్ పాల్‌కు పూత గీకి సన్‌బర్స్ట్ వేయడం ఇటువంటిదే. మార్పు చేసినట్టు చెప్పి అమ్మితే అది న్యాయమైన బేరమే. దానికి వేరే ధారణ కూడా ఉంది. మూడవది, కంపెనీలే తయారు చేస్తున్న పాత నమూనాల కొత్త సరుకు. ఫెండర్ 1995 నుంచి కావాలని అరగదీసి, గీతలు పెట్టిన గిటార్లను అమ్ముతోంది. గిబ్సన్ కూడా 1959 నమూనాను మళ్లీ తయారు చేస్తోంది. ఇవి దాపరికం లేని సరుకే అయినా, గుర్తులు చెరిపి పాతవిగా చూపే ప్రయత్నాలకు పచ్చిసరుకు అవుతున్నాయి.

విడిభాగాల వ్యాపారం వల్ల మరొక చిక్కు వచ్చింది. పేటెంటుకు దరఖాస్తు చేసినట్టు చీటీ అంటించిన 1950 దశకం చివరి గిబ్సన్ పికప్‌లు జత వేల డాలర్లు పలుకుతాయి. నాటి ప్లాస్టిక్ రింగులు, మీటలు, చివరకు గిటారు పెట్టె కూడా విడిగా ధర పలుకుతున్నాయి. దీంతో అంతగా పేరులేని రకాలను విప్పి, భాగాలను మేలు రకంలోని లోట్లు పూడ్చడానికి వాడుతున్నారు. విడిగా అమ్మితే మొత్తంకన్నా ఎక్కువ గిట్టే సరుకు నానాటికీ తరిగిపోవడం సహజం.

ధారణ ఎక్కడ తేలుతుంది?

ఈ సరుకుకు యార్డు లేదు, బహిరంగ పాట అరుదు. అమ్మకందారు చెప్పే ధర, కొనుగోలుదారు ఇచ్చే ధర మధ్య దూరం ఎక్కువ. 2013లో చికాగోలో మొదలైన రివర్బ్ వంటి ఆన్‌లైన్ బజార్లలో కొంతవరకు నిజంగా అమ్ముడైన ధరలు కనబడుతున్నాయి. అయితే పెద్ద సరుకు ఇప్పటికీ వర్తకుని దుకాణం వెనుక గదిలోనే చేతులు మారుతోంది.

వర్తకుని లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు ఒక స్ట్రాటోకాస్టర్‌కు రిటైల్ ధర 20,000 డాలర్లు అనుకుందాం. దానిని రొక్కంతో కొనే వర్తకుడు 12,000 నుంచి 14,000 డాలర్లకు మించి పెట్టడు. కొనేవాడు వచ్చేదాకా పెట్టుబడి ఎన్ని నెలలు నిలిచిపోతుందో తెలియదు. బీమా, మరమ్మతు, సంతల ఖర్చు, వాపసు వచ్చే సరుకు అన్నీ ఆ తేడాలోంచే రావాలి. లోపల పాత రంగు తీసేసి కొత్తది వేసినట్టు తర్వాత బయటపడితే 20,000 డాలర్ల సరుకు 10,000కు దిగుతుంది; వర్తకుడు 13,000కు కొని ఉంటే లాభం పోయి అసలుకే మోసం. అందుకే అమ్మకందారుకు సరుకు మీద అడ్వాన్సు ఇవ్వకుండా, కమీషను పద్ధతిపై దుకాణంలో ఉంచి అమ్మిపెట్టే అలవాటు పెరిగింది. దూరప్రాంతం బేరాలలో సరుకు చేరాక ఒకటి రెండు రోజులు విప్పి చూసుకుని, నచ్చకపోతే వాపసు చేసే గడువు మామూలుగా ఇస్తారు. ఆ గడువు లేని బేరానికి వాడుక వర్తకులు ముందుకు రారు.

చేతి పేరుకు వేరే లెక్క

పత్రికలలో పతాక శీర్షికలకు ఎక్కే ధరలు ఈ మార్కెట్ ధారణలు కావు. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో ఆరు పాత స్ట్రాటోకాస్టర్లు కొని, మూడింటిని మిత్రులకు ఇచ్చి, మిగతా మూడింటిలో మేలైన భాగాలు ఏరి ఒకటిగా చేసుకున్నారు. బ్లాకీ అని పేరు పెట్టుకున్న ఆ గిటారు 2004లో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. మార్కెట్ సూత్రం ప్రకారం అది అతుకుల సరుకు. ఏ వర్తకుడైనా మూడో గ్రేడులో వేయవలసినదే. 2019లో డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 39,75,000 డాలర్లకు పోయింది. అప్పటికి వేలంలో ఏ గిటారూ అంత పలకలేదు. అది కూడా మెడ, పికప్‌లు పలుమార్లు మారిన గిటారే.

ఇక్కడ కొన్నది చెక్కను, తీగను కాదు; ఆ చేతి పేరును. ఇటువంటి పాటలను చూసి ఇంట్లో ఉన్న పాత గిటారుకు ధర పెంచి చెప్పడం అమ్మకందార్లు తరచు చేసే పొరపాటు.

తేజీ, మందీ

2000 దశకం మధ్యలో సులభంగా దొరికిన అప్పు, ఇళ్ల ధరల పెరుగుదల అమెరికాలో ఈ సరుకుకూ ఊపునిచ్చాయి. వాయించడం రానివారు కూడా పెట్టుబడిగా కొన్నారు. 1959 లెస్ పాల్ ధరలు లక్షల డాలర్లకు చేరాయి. 2008 ఆర్థిక సంక్షోభంతో కొనుగోళ్లు స్తంభించాయి. సరఫరాలో మార్పు లేదు. ఒక్క గిటారు కూడా కొత్తగా పుట్టలేదు. అయినా ధారణలు గణనీయంగా పడిపోయాయి. రొక్కం అవసరమైనవారు ఒకేసారి అమ్మకానికి దిగడంతో దాచిన సరుకే కొత్త రాబడి అయింది. కొన్ని రకాలు మళ్లీ పాత ఎత్తుకు చేరడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వల్ల ఇళ్లలో ఉన్నవారి కొనుగోళ్లతో మార్కెట్ మళ్లీ పుంజుకుంది.

రానున్న కాలానికి వర్తకులను ఆలోచింపజేసే ప్రశ్న ఒకటే. ఈ సరుకును ఎక్కువగా కొన్నవారు 1950, 1960 దశకాలలో యువకులుగా ఆ సంగీతం విన్న తరం. ఆ తరం వృద్ధాప్యంలో ఉంది. వారి సేకరణలు వారసుల ద్వారా మార్కెట్‌కు వస్తే, అంతే మోజుతో కొనే తరం ఉంటుందా అన్నది ధారణను నిర్ణయిస్తుంది. మేలు రకం నిలుస్తుందని, మధ్య రకానికి ఒత్తిడి తప్పదని పలువురి అభిప్రాయం.

కలప చట్టం

ఎగుమతి, దిగుమతి చేసేవారు మరచిపోరానిది కలప. పాత గిటార్లలో తీగలు నొక్కే పలకకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేవారు. 1960 దశకం మధ్య నుంచి దాని స్థానంలోకి దక్షిణ భారత అడవుల జిట్రేగి, అంటే భారతీయ రోజ్‌వుడ్ వచ్చింది. ఏ కలప అన్నది కూడా గ్రేడులో ఒక గుర్తు అయింది. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారంపై సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో చేర్చింది. ఆ పలక ఉన్న గిటారును దేశం దాటించి అమ్మాలంటే కలప అంతకుముందుదేనన్న ధ్రువపత్రం కావాలి. 2017 జనవరిలో జిట్రేగి సహా ఆ వృక్ష ప్రజాతి మొత్తాన్నీ రెండవ జాబితాలో చేర్చడంతో వాద్యాల వ్యాపారం చిక్కుల్లో పడింది. 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపు లభించింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు. పత్రాలు లేని గిటారు సరిహద్దులో జప్తు అయితే అసలుతనం ఎంత ఉన్నా విలువ సున్నా.

కొనేవారికి సూచనలు

ఈ వ్యాపారంలో దెబ్బతినని వర్తకులు పాటించే పద్ధతి సాదాసీదాగానే ఉంటుంది. విప్పి చూడనివ్వని సరుకు కొనరు. మార్పులన్నీ రాసి సంతకం చేసిన బిల్లు లేనిదే రొక్కం చెల్లించరు. చెప్పిన ధర పక్కన పెట్టి, అదే గ్రేడు సరుకు ఇటీవల ఎంతకు అమ్ముడైందో చూస్తారు. అప్పు తెచ్చి నిల్వ చేయరు. ఎందుకంటే ఈ సరుకుకు తేజీ వచ్చేదాకా వడ్డీ ఆగదు. అన్నిటికీ మించి, తిరిగి అమ్మేటప్పుడు తమకన్నా అనుమానం ఎక్కువ ఉన్న మనిషి కొనడానికి వస్తాడని ముందే లెక్క వేసుకుని బేరమాడతారు.